జీతం బాగానే ఉంది, ప్యాకెట్ మీదే పేరు లేదు

ప్రశ్న: అమ్మా, మాది విడవలూరు దగ్గర పల్లె. బీఎస్సీ ఆక్వాకల్చర్ చదివి మూడేళ్ళుగా ఒక రొయ్యల మందుల కంపెనీలో ఫీల్డ్ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. పొద్దున్నే గుంటల మీదకి పోయి నీళ్ళు, రొయ్యలు మేత ఎంత తిన్నాయో తెలిపే చెక్ ట్రేలు చూసి ఏం వేయాలో రైతుకి చెప్పడం నా పని. ఆరు నెలలుగా లేబుల్ లేని పొడి ప్యాకెట్లు చేతికిచ్చి, తెల్లమచ్చ జబ్బు వచ్చిన గుంటలకి మేతలో కలపమని చెప్పమంటున్నారు. ఏముంది సార్ ఇందులో అంటే "నీకెందుకు, టార్గెట్ చూసుకో" అన్నారు. యాంటీబయాటిక్ అని నా అనుమానం. మానేద్దామంటే చెల్లి పెళ్ళి అప్పు ఇంకా తీరలేదు. అమ్మేమో అందరూ చేసేదే కదరా అంటుంది. ఇంకోచోట చేరినా అక్కడా ఇదే అయితే ఏం చేయాలి? నా మనసుకి సరిపడే చోటు ఎట్లా కనుక్కోవాలి?
- ఒక పాఠకుడు, నెల్లూరు జిల్లా

జవాబు: అబ్బయ్యా, ముందు ఆ పొడి సంగతి మాట్లాడదాం. తెల్లమచ్చ వైరస్ జబ్బు, దానికి మందు లేదు, యాంటీబయాటిక్ వైరస్‌ని ఏమీ చేయదు. అంటే నీ అనుమానం నిజమైతే రైతు డబ్బూ పోతుంది, రొయ్యా దక్కదు. పైగా క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ల లాంటి యాంటీబయాటిక్‌లు రొయ్యల సాగులో వాడటమే నిషేధం. ఇట్లాంటి మందులు రొయ్యలో మిగిలిపోతాయన్న భయంతోనే 2016లో యూరోపియన్ యూనియన్ మన సాగు రొయ్యల సరుకులో తనిఖీలను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. ఒక కంటైనర్ వెనక్కొస్తే ఆ దెబ్బ ఎగుమతిదారు దగ్గర ఆగదు, గుంట గట్టు మీద నిలబడ్డ రైతు దాకా వస్తుంది. నీకు నిద్ర పట్టకపోవడంలో తప్పేమీ లేదు.

నా సంగతి ఒకటి చెబుతాను. పాతికేళ్ళ కిందట చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో నేను లెక్కలు రాసేదాన్ని. ఒకరోజు కటింగ్ షెడ్‌లో ఒక కుర్రాడి చెయ్యి నలిగింది. ఒంగోలు ఆసుపత్రికి తీసుకుపోయిన గంటకి మేనేజర్ మస్టర్, అంటే పనివాళ్ళ హాజరు పుస్తకం, నా ముందు పెట్టి, ఆ అబ్బాయి పేరు ఆ రోజు తేదీతో రాయమన్నాడు. రెండేళ్ళుగా పనిచేస్తున్న మనిషి, అప్పటిదాకా ఆ పుస్తకంలోనే లేడు. రాశాను. మిగతా పేర్లన్నీ నల్ల సిరాలో, ఆ ఒక్కటీ నీలం సిరాలో. ఆ పేజీ ఇప్పటికీ కళ్ళ ముందు కనపడుతుంది. వెంటనే మానేయలేదు, ఇంట్లో పరిస్థితి అట్లాంటిది, ఇంకో ఎనిమిది నెలలు చేశాను. తర్వాత ఎక్కడ పనికి పోయినా మొదట అడిగింది ఒకటే, షెడ్‌లో ఉన్నవాళ్ళందరి పేర్లూ మస్టర్‌లో ఉన్నాయా అని. ఒకచోట యజమాని కోపం తెచ్చుకున్నాడు. ఇంకోచోట పుస్తకం తెచ్చి చూపించాడు, అక్కడే తొమ్మిదేళ్ళు చేశాను.

నువ్వు అడగాల్సింది కూడా అట్లాంటిదే. కంపెనీ విలువలేంటి అని అడిగితే గోడ మీద రాసున్నదే చదివి చెబుతారు. "శాంపిల్‌లో యాంటీబయాటిక్ బయటపడితే మీరేం చేస్తారు, పోయినసారి ఏం చేశారు?" అని అడుగు. నిజంగా జరిగింది చెప్పేవాళ్ళు తడుముకోరు. ఫలానా లాట్ ఆపేశాం, ఇంత నష్టమొచ్చింది అని చెప్తారు. అట్లాంటివి మా దగ్గర రావండీ అన్నారంటే నేనైతే నమ్మను. ఇంకో మాట, ఆ కంపెనీ వదిలి వచ్చిన వాళ్ళని టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టి మాట్లాడు, వాళ్ళ దగ్గర కొన్న రైతుల్నీ అడుగు. కోట నుంచి అల్లూరు దాకా గుంటల మీద తిరిగే నీకు ఇది కష్టం కాదు.

అమ్మ మాటకి కోపం తెచ్చుకోకు, అది అప్పు భయం. అందరూ చేస్తారన్నది మాత్రం నిజం కాదు. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ దగ్గర రిజిస్టరైన, రొయ్య పిల్లల్ని తీసే హేచరీలున్నాయి, ఎగుమతి ప్లాంట్లలో క్వాలిటీ ల్యాబులున్నాయి, సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ ఎంపెడా కింద చిన్న రైతుల సంఘాలతో పనిచేసే నాక్సా అనే సంస్థ ఉంది. నీ చదువుకి ఇవన్నీ పనికొస్తాయి. అయితే బోర్డు మీది పేరు చూసి చేరిపోవద్దు, అక్కడా ఆ ప్రశ్న అడుగు. జీతం రెండు మూడు వేలు తగ్గొచ్చు, ఆ లెక్క ముందే అమ్మ దగ్గర కూర్చుని వేసుకో. ఇంకో ఉద్యోగం చేతికి రాకుండా రాజీనామా ఇవ్వకు.

అంతవరకూ ఆ ప్యాకెట్ మాత్రం నీ చేత్తో ఎవరికీ ఇవ్వకు. "ఏముందో రాసివ్వండి సార్, అప్పుడు చెబుతాను" అని మెసేజ్ పెట్టి, దాన్ని దాచుకో. ఇప్పటికే నీ మాట మీద వాడిన రైతులున్నారు కదా, వాళ్ళ దగ్గరకి ఈ వారమే పో. గుంటలో రొయ్యలు పట్టేముందే వాటిని ల్యాబ్‌లో టెస్ట్ చేయించుకోమని చెప్పు, ఎందుకో కూడా చెప్పు. తిడతారేమో, తిట్టనీ. సరుకు లారీ ఎక్కకముందే వాళ్ళకి తెలియాలి.