పాత మొజాయిక్ మీదే కొత్త టైల్స్: వేయొచ్చు, కానీ సిమెంట్ పాలతో వద్దు
అన్నా, పాత మొజాయిక్ పగలగొట్టకుండా దాని మీదే రెండు బై రెండు అడుగుల విట్రిఫైడ్ టైల్స్ వేయొచ్చా, మేస్త్రీ సిమెంట్ పాలు పోసి అంటించేస్తా అంటున్నాడు అన్నారు కదా. వేయొచ్చు, కానీ సిమెంట్ పాలతో వద్దు. విట్రిఫైడ్ టైల్ నీళ్లు 0.5 శాతం కూడా పీల్చదు, అందుకే సిమెంట్ దానికి గట్టిగా పట్టదు, మా హాల్లో అలాగే వేయించి ఏడాదికే నాలుగు టైల్స్ లేచిపోయాయి. టైల్ మీద టైల్ వేసే అడెసివ్ (టైల్ జిగురు) అని అడిగి కొనండి, పళ్ల కరణెతో, అంటే అంచున పళ్లున్న తాపీతో పరచమనండి, ఊరికే ముద్దలు పెట్టి నొక్కితే మధ్యలో గాలి ఉండిపోయి తర్వాత గుల్లగా మోగుతుంది.

ముందు పాత గచ్చంతా కాయిన్‌తో కొట్టి చూడండి, గుల్ల మోగిన చోట మాత్రం తీసేయాల్సిందే. మైనం పాలిష్ ఉంటే గ్రైండర్‌తో గరుకు చేయించండి. టైల్స్ మధ్య సందు కోసం 2 ఎంఎం స్పేసర్లు (చిన్న ప్లాస్టిక్ ముక్కలు) పెట్టమనండి, మేస్త్రీలు సందు లేకుండా వేస్తేనే అందం అంటారు, వినకండి. ఆ సందులు నింపే గ్రౌట్ మర్నాడు పెట్టించండి.

ఆ, తలుపులు! ఫ్లోర్ ఒకటిన్నర సెంటీమీటర్ దాకా లేస్తుంది, కింద కోయించాలి. బాత్రూంలో మాత్రం పాతది పగలగొట్టించండి, లేకపోతే నీళ్ల వాటం కుదరదు.