అండగా నిలబడేవారికి కొన్ని జాగ్రత్తలు: మేనకోడలికి అత్త లేఖ

చిరంజీవి మేనకోడలికి అత్త ఆశీస్సులు.

చెన్నైలో పెరంబూరు, వ్యాసర్పాడి వైపు ఇళ్ళలో దెబ్బలు తింటున్న తెలుగు ఆడవాళ్ళకు తోడుగా ఉండాలని నీవూ నీ స్నేహితురాళ్ళూ నిశ్చయించుకున్నారని మీ నాన్న చెప్పినప్పటి నుంచి నా మనసు స్థిమితంగా లేదు. మన ఇంటి పిల్ల ఇంతటి పనికి పూనుకున్నదని పొంగిపోయాను, ఆ వెంటనే భయపడ్డాను. ప్రభుత్వాసుపత్రిలో కాలిన గాయాల వార్డులో నర్సుగా చేసినదాన్ని గనుక నా భయాలు మీ నాన్న భయాలవంటివి కావు.

తేలికైనవి ముందు చెబుతాను. ప్రాణం మీదికి వస్తే 112, మహిళల సహాయానికి పగలూ రాత్రీ 181, పిల్లలకు ముప్పు ఉంటే 1098. సఖి కేంద్రంలో వైద్యం, న్యాయ సలహా, కొద్ది రోజుల వసతి ఒకే చోట దొరుకుతాయి. ఇళ్ళలో హింసకు గురైన ఆడవాళ్ళకు అండగా 2001 నుంచి చెన్నైలో పనిచేస్తున్న పీసీవీసీ అనే స్వచ్ఛంద సంస్థవారిని అవసరం పడకముందే కలిసి పరిచయం చేసుకో. తమిళనాడులో మహిళా పోలీసు స్టేషన్లు 1992లో మన థౌజండ్ లైట్స్‌లోనే మొదలయ్యాయి, ఇప్పుడు నగరమంతటా ఉన్నాయి.

అయితే స్టేషన్ దగ్గర ఉన్నంత మాత్రాన సరిపోదు. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో మా వీధికి ఒంగోలు వైపు నుంచి ఒక అమ్మాయి కాపురానికి వచ్చింది. తమిళం ఒక్క ముక్క రాదు. ఒక రాత్రి ఆమె కేకలు విని ఓర్చుకోలేక, తెల్లవారగానే ఇరుగుపొరుగువారు ఆమెను స్టేషనుకు తీసుకువెళ్ళారు. అందరూ మంచివాళ్ళే, అందరికీ తొందరే. అక్కడ రెండు భాషలూ వచ్చినవారు కావలసివస్తే, వెనకాలే వచ్చిన ఆడపడుచు భర్త తాను చెబుతానన్నాడు. చదువుకున్నవాడు, మర్యాదగా మాట్లాడేవాడు కావడంతో ఎవరికీ అనుమానం రాలేదు. మొగుడు తనమీద కిరోసిన్ పోసి అగ్గిపెట్టె చూపించాడని ఆమె చెబితే, ఆమే ఒంటికి నిప్పు పెట్టుకుంటానని ఇంటిల్లిపాదినీ బెదిరిస్తున్నదని అతడు చెప్పాడు. పోలీసులు ఇద్దరికీ బుద్ధులు చెప్పి, తమిళంలో రాసిన కాగితం మీద ఆమెచేత సంతకం చేయించి, భర్తతోనే ఇంటికి పంపించారు. వీధివారు న్యాయం జరిగిందనుకుని తిరిగివచ్చారు. ఆ రాత్రి ఆమె ఎక్కడ పడుకుంటుందని ఒక్కరూ ఆలోచించలేదు. మర్నాటి నుంచి ఆమె కుళాయి దగ్గరికి రావడం మానేసింది, ఆ ఇంటి తలుపు పగలు కూడా గడియ వేసి ఉండేది. చివరికి ఆమె మా వార్డుకే వచ్చింది. మెడా, కుడిచేయీ కాలిపోయాయి. స్టవ్ పేలిందని అత్తగారు పక్కనే నిలబడి చెబుతూ ఉంటే ఆమె తల ఊపింది. అత్తగారు కాఫీ తాగడానికి కిందికి వెళ్ళినప్పుడు మాత్రమే నా చేయి పట్టుకుని తెలుగులో జరిగినదంతా చెప్పింది. బతికింది, పుట్టింటికి వెళ్ళింది. కాని ఆ మెడ అలాగే ముడుచుకుపోయింది.

అందువల్ల భర్త తరఫువారిని గాని, ఆమె కన్నబిడ్డను గాని మధ్యలో మాట చేరవేయనీయవద్దు. తెలుగూ తమిళమూ బాగా వచ్చిన, ఆ కుటుంబంతో ఏ సంబంధమూ లేని మనిషి మీలో ఒకరు ఎప్పుడూ ఉండాలి. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం ఏ ప్రాంతపు స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. రాసుకున్నది ఫిర్యాదుదారుకు చదివి వినిపించాలి, నకలు ఉచితంగా ఇవ్వాలి. ఆమెకు తెలుగులో చెప్పి వినిపించిన తరువాతనే సంతకం చేయనివ్వండి. ఆసుపత్రిలో దెబ్బ ఎలా తగిలిందో ఆమె నోటితోనే డాక్టరుకు చెప్పనిచ్చి, ఏ.ఆర్. కాపీ, అంటే దెబ్బల వివరాలు రాసే ఆసుపత్రి రిజిస్టరు నకలు, సంగతి అక్కడే అడగండి, తరువాత కోర్టులో అదే అక్కరకు వస్తుంది. కాలిన చోట ఇంకు, టూత్‌పేస్టు పూయకుండా ఇరవై నిమిషాలు కుళాయి నీటి కింద ఉంచాలని కూడా ప్రతి ఇంట్లో చెప్పండి.

కేసు వద్దు, ఇంట్లో ఉండనిస్తే చాలు అనే స్త్రీలే ఎక్కువమంది కనబడతారు. వారికోసమే 2005 నాటి గృహహింస చట్టం ఉంది. జిల్లా సాంఘిక సంక్షేమ కార్యాలయంలోని రక్షణాధికారి నివేదిక రాసి మెజిస్ట్రేటుకు పంపిస్తారు, ఆమె చెన్నైలో తాత్కాలికంగా ఉంటున్నా ఇక్కడే అర్జీ పెట్టుకోవచ్చు. ఇల్లు మామగారి పేరున ఉన్నదని బయటికి గెంటడం కుదరదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. ఆదాయంతో పనిలేకుండా ఆడవారికి ప్రభుత్వం ఉచితంగా వకీలును ఇస్తుంది. మంచి ఉద్దేశంతో రక్షణాధికారికి సమాచారం ఇచ్చినవారి మీద కేసు నిలవదని కూడా ఆ చట్టంలోనే ఉంది, మీ స్నేహితురాళ్ళ తల్లిదండ్రులకు ఈ మాట చెప్పు.

ఇక నిన్ను కోప్పడవలసిన విషయం ఒకటి ఉంది. కుక్కపిల్లను కొట్టినవాడి మీదికి రాయి విసిరిన పిల్లవు నీవు. అదే ఆవేశంతో ఆ ఇంటికి వెళ్ళి భర్తను నిలదీయవద్దు. మీరు వచ్చేశాక గడియ పడిన ఆ తలుపు వెనుక మిగిలేది ఆమె ఒక్కతే. ఆమె ఇల్లు విడిచి వెళ్ళబోయే రోజులే అన్నిటికంటె ప్రమాదమైనవి గనుక, ఎప్పుడు కదలాలో ఆమెనే తేల్చుకోనివ్వండి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల జనన పత్రాలు, మందులు నమ్మకమైన పొరుగింట్లో ముందే దాచిపెట్టించండి. మీ నంబరు ఆమె ఫోనులో చీరల దుకాణం పేరుతోనో, టైలరు పేరుతోనో ఉండాలి. ఇంత చేసినా ఆమె తిరిగి అతడి దగ్గరికే వెళ్ళిపోతే నీకు కన్నీళ్ళు వస్తాయి, నాకూ ఎన్నోసార్లు వచ్చాయి తల్లీ. అప్పుడు ఒక్క నిష్ఠూరపు మాట కూడా అనవద్దు. మళ్ళీ వస్తే తలుపు తీస్తారన్న నమ్మకం ఆమెకు మిగలాలి.

మీరు పంచబోయే తెలుగు కాగితాన్ని అచ్చుకు ఇవ్వకముందే నాకు పంపు. మొగుడి కంటపడినా అనుమానం రాని విధంగా రాయాలి, అది నేను చూస్తాను. నీవు ఒంటరిగా ఎవరింటికీ వెళ్ళకు. ఆసుపత్రికి తోడు కావలసినప్పుడు ఏ వేళైనా నాకు ఫోను చెయ్యి, నేను బయలుదేరి వస్తాను.

ఇట్లు,
మీ అత్త