'ఫార్‌-ఫెచ్ట్‌': దూరం నుంచి లాక్కొచ్చిన మాట

ప్రశ్న: ఇంగ్లిష్ పత్రికల్లో 'ఫార్ ఫెచెడ్' అనే విశేషణం తరచూ కనిపిస్తోంది. 'ఇంపాజిబుల్'కూ దీనికీ తేడా ఏమిటి? ఎలా వాడాలి?
– ఓ పాఠకురాలు, తణుకు

జవాబు: ముందు ఉచ్చారణ. అది 'ఫెచెడ్' కాదు, 'ఫెచ్ట్'. చకారం పరుషం కాబట్టి దాని వెనక వచ్చే 'డ్' కూడా 'ట్'గా మారుతుంది. 'వాచ్ట్', 'టచ్ట్' కూడా అంతే. రాసేటప్పుడు 'ఫార్'కూ 'ఫెచ్ట్'కూ మధ్య చిన్న గీత ఉండాలి.

'ఫెచ్' అంటే వెళ్లి తీసుకురావడం. ఎక్కడో దూరాన్నుంచి తెచ్చినది అనే అక్షరార్థంలోనే ఈ మాట మొదలైంది. తర్వాత అతకని పోలికలకూ, నమ్మబుద్ధి కాని ఊహలకూ స్థిరపడింది. మన 'బోడిగుండుకీ మోకాలికీ ముడి' సరిగ్గా ఇదే. ఇంకా దగ్గరిది 'బాదరాయణ సంబంధం': మా బండిచక్రం రేగుకర్రది, మీ ఇంట్లో రేగుచెట్టుంది, కాబట్టి మనం చుట్టాలం! ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. 'గాలిలో మేడలు' అని మాత్రం అనువదించకండి. అవి కోరికలు. ఇక్కడ ప్రశ్న నమ్మవచ్చా లేదా అన్నది.

ఇక తేడా. 'ఇంపాజిబుల్' అంటే జరగనే జరగదు. 'ఫార్‌-ఫెచ్ట్' అంటే నమ్మడం కష్టం, అంతవరకే. ఖండాలు కదులుతాయని జర్మన్ శాస్త్రవేత్త వెగెనర్ 1912లో చెప్పినప్పుడు చాలామంది భూవిజ్ఞానులు కొట్టిపారేశారు. వాటిని కదిలించే శక్తి ఏమిటో ఆయన సరిగా చూపలేకపోయారు. సముద్రగర్భం విస్తరిస్తోందని 1960లలో ఆధారాలు దొరికాక అదే ఊహ పాఠమైంది. అందుకే వింత విషయం చెప్పబోయేవారు 'ఇట్ మే సౌండ్ ఫార్‌-ఫెచ్ట్, బట్...' అని మొదలుపెడతారు. వినడానికి నమ్మశక్యంగా ఉండకపోవచ్చు గానీ, అని.

ఐడియా, థియరీ, స్టోరీ, ఎక్స్‌క్యూజ్, ప్లాట్ వంటి వాటికే ఇది నప్పుతుంది. మనిషికి అంటగట్టకూడదు. 'హీ ఈజ్ ఫార్‌-ఫెచ్ట్' తప్పు, 'హిజ్ స్టోరీ ఈజ్ ఫార్‌-ఫెచ్ట్' ఒప్పు. ఎదుటివారు నొచ్చుకోకుండా చెప్పాలంటే ముందు 'ఎ బిట్' చేర్చండి. పోల్చి చెప్పాలంటే 'మోర్ ఫార్‌-ఫెచ్ట్'.

ఎక్కువమంది పొరబడేది 'ఫార్‌-రీచింగ్' దగ్గర. దాని అర్థం వేరు: దూరం వరకూ ప్రభావం చూపేది. పై అధికారి నిర్ణయాన్ని మెచ్చుకుంటూ 'ఫార్‌-రీచింగ్ డెసిషన్' అనబోయి 'ఫార్‌-ఫెచ్ట్' అని రాస్తే, ఆ నిర్ణయానికి అర్థంపర్థం లేదని చెప్పినట్టవుతుంది.