టీమ్ ఓడిపోతోందని జనం రావడం మానేస్తారా? మ్యాడిసన్‌లో నేను చూసింది చెప్తా

మీరడిగింది ఏంటంటే, మీ యూనివర్సిటీ ఐస్ హాకీ టీమ్ మూడు సీజన్లుగా ఓడిపోతూనే ఉంది, రింక్ సగం కూడా నిండట్లేదు, మీతో పాటు వెళ్ళేవాళ్ళు ఒక్కొక్కరూ సీజన్ టికెట్లు వదిలేస్తున్నారు, తప్పు కోచ్‌దా జనానిదా, నేను కూడా మానెయ్యాలా అని. నేను విస్కాన్సిన్‌లో, మ్యాడిసన్‌లో ఎంఎస్ చేశా, తర్వాత ఉద్యోగం కూడా ఇక్కడే దొరికింది, అందుకని ఇక్కడి యూనివర్సిటీ టీమ్ బ్యాడ్జర్స్ వెలిగిన రోజులూ చూశా, అడుగంటిన రోజులూ చూశా. నాకు అర్థమైంది ఒక్కటే. ఓడిపోతే జనానికి కోపం వస్తుంది, కోపం వచ్చినవాడు తిట్టడానికైనా వస్తాడు. కుర్చీలు ఖాళీ అయ్యేది అలవాటు తెగిపోయినప్పుడు, ఆ అలవాటు తెంచేవి చాలావరకు ఆటతో సంబంధం లేని విషయాలు.

నేను వచ్చింది 2009లో. మన దగ్గర హాకీ అంటే గడ్డి మీదో టర్ఫ్ మీదో ఆడేదే కదా, మంచు మీద ఆట గురించి ఓనమాలు కూడా తెలీదు. రూమ్మేట్ లాక్కెళ్తే కోల్ సెంటర్‌కి వెళ్ళా. అది 15 వేల మందికి పైగా పట్టే అరీనా, కాలేజీ హాకీకి దేశంలోకెల్లా ఎక్కువ జనం వచ్చేది ఇక్కడే అని చాలా ఏళ్ళు పేరుండేది. మనవాళ్ళు గోల్ కొట్టగానే స్టూడెంట్స్ అంతా ఒకేసారి అవతలి గోల్‌కీపర్ వైపు వేళ్ళు చూపించి నువ్వు జల్లెడ, జల్లెడ అని అరుస్తారు, అంటే ఏదీ ఆపలేడని వెక్కిరింపు, వెనకాల బ్యాండ్ వాయిస్తూ ఉంటుంది, పక్క కుర్చీలో ఎవరున్నారో తెలీకపోయినా వాళ్ళ భుజం పట్టుకుని ఊగిపోతాం. ఆ సీజన్లోనే, 2010 ఫిబ్రవరిలో, క్యాంప్ ర్యాండల్ ఫుట్‌బాల్ స్టేడియంలో ఆరుబయట రింక్ వేసి మిషిగన్‌తో మ్యాచ్ పెట్టారు, 55,031 మంది వచ్చారు, 3-2తో గెలిచాం. బ్లేక్ జెఫ్రియన్‌కి ఆ ఏడు హోబీ బేకర్ అవార్డొచ్చింది, అంటే కాలేజీ హాకీలో బెస్ట్ ప్లేయర్‌కి ఇచ్చేది. నేషనల్ ఫైనల్లో మాత్రం బోస్టన్ కాలేజ్ చేతిలో 5-0తో చిత్తుగా ఓడిపోయాం. అయినా తర్వాతి సీజన్‌కి జనం వచ్చారు, అది గుర్తుపెట్టుకోండి.

మా సెక్షన్లో ఒక పెద్దాయన, ఆయన భార్య కూర్చునేవాళ్ళు. పక్క ఊళ్ళో ఆవుల డెయిరీ నడిపి రిటైరైన మనిషి. కోల్ సెంటర్ 1998లో కట్టారు, అంతకుముందు డేన్ కౌంటీ కొలీజియంలో ఆడేవాళ్ళు, అప్పట్నుంచీ వాళ్ళకి సీజన్ టికెట్లున్నాయి. ఆయన దగ్గర జేబులో పట్టే చిన్న నోట్‌బుక్ ఒకటుండేది, ప్రతి గోల్‌కీ టైమూ ఎవరు పాస్ ఇచ్చారో పెన్సిల్‌తో రాసుకునేవాడు, స్క్రీన్ మీద అన్నీ వస్తున్నా సరే. ఆఫ్‌సైడ్, ఐసింగ్ లాంటి రూల్స్ నాకు నేర్పింది ఆయనే. ఓడిపోయిన ప్రతిసారీ "ఇదే నా లాస్ట్ సీజన్" అని లేచేవాడు, మళ్ళీ అక్టోబర్ వచ్చేసరికి అదే కుర్చీలో ఉండేవాడు. పవర్ ప్లే, అంటే పెనాల్టీ పడి అవతలివాళ్ళకి ఒక మనిషి తక్కువైనప్పటి ఆట, సరిగ్గా ఆడట్లేదని కోచ్‌ని ఎంత తిట్టేవాడో చెప్పలేను. అలాంటి మనిషి మానేశాడు, మానేసింది టీమ్ ఘోరంగా ఓడిన ఏడాది కాదు, అంతకుముందే.

జరిగింది ఏంటంటే 2013లో కాన్ఫరెన్స్ మారింది, కాన్ఫరెన్స్ అంటే సీజనంతా తమలో తాము ఆడుకునే టీముల లీగ్. అప్పటిదాకా విస్కాన్సిన్ డబ్ల్యూసీహెచ్ఏ అనే కాన్ఫరెన్స్‌లో ఉండేది, నార్త్ డకోటా, డెన్వర్, మిన్నెసోటా డులూత్, కొలరాడో కాలేజ్, ఇలా దశాబ్దాల నుంచి కొట్టుకున్న టీములు. పెన్ స్టేట్ కొత్తగా హాకీ టీమ్ పెట్టేసరికి బిగ్ టెన్ వాళ్ళకి, అంటే విస్కాన్సిన్ మిగతా ఆటలాడే యూనివర్సిటీల కూటమికి, ఆరు టీములయ్యాయి, సొంత హాకీ లీగ్ మొదలుపెట్టేశారు, విస్కాన్సిన్, మిన్నెసోటా అక్కడికి వెళ్ళిపోయాయి, మిగతా పెద్ద టీములు కలిసి ఎన్‌సీహెచ్‌సీ అని వేరే పెట్టుకున్నాయి. కాగితం మీద చూస్తే బాగానే ఉంది, టీవీ డబ్బులూ బాగానే ఉన్నాయి. కానీ మా పెద్దాయన సంవత్సరమంతా ఎదురుచూసేది నార్త్ డకోటా వీకెండ్ కోసం. ఇప్పుడు వాళ్ళు కాన్ఫరెన్స్‌లో లేరు, ఎప్పుడో ఒకసారి వస్తే వచ్చినట్టు. ఓహయో స్టేట్ మీద ఆయనకి కోపం లేదు, ప్రేమా లేదు, వాళ్ళతో గెలిచినా ఓడినా ఒకటే. పైగా టీవీ వాళ్ళకి తగ్గట్టు మ్యాచ్ టైమింగులు మారుతుంటే, జనవరి చలిలో రాత్రి పొద్దుపోయాక మంచు రోడ్డు మీద అంత దూరం డ్రైవ్ చేసి ఇంటికెళ్ళాలి, ఆ వయసులో ఎవరు చేస్తారు చెప్పండి. వాళ్ళావిడే ఒకరోజు అంది, ఇంక చాల్లే అని.

గమనించండి, బిగ్ టెన్ మొదటి సీజన్ 2013-14లో విస్కాన్సిన్ బాగా ఆడింది, మిన్నెసోటాలోని సెయింట్ పాల్‌లో జరిగిన కాన్ఫరెన్స్ టోర్నమెంట్ గెలిచింది కూడా. కానీ పాత డబ్ల్యూసీహెచ్ఏ టోర్నమెంట్ అంటే అదే సెయింట్ పాల్‌లో జాతరలా ఉండేది, కొత్త టోర్నమెంట్‌లో కుర్చీలు చూస్తే ఏడుపొచ్చేది, చివరికి 2018 నుంచి దాన్ని క్యాంపస్ రింకులకే మార్చేశారు. అంటే గెలుస్తున్నప్పుడే జనం జారిపోవడం మొదలైంది, తర్వాత వచ్చిన ఓటములు దాన్ని బయటపెట్టాయి అంతే.

ఆ ఓటములు కూడా మామూలువి కావు. 2014-15లో 35 మ్యాచులాడితే 4 గెలుపులు, 26 ఓటములు, 5 డ్రాలు. ఆరుసార్లు నేషనల్ ఛాంపియన్ అయిన ప్రోగ్రామ్! అదే ఏడాది అదే బిల్డింగ్‌లో ఆడే మా బాస్కెట్‌బాల్ టీమ్ నేషనల్ ఫైనల్ దాకా వెళ్ళింది, అప్పటిదాకా ఒక్క మ్యాచ్ కూడా ఓడని కెంటకీని సెమీస్‌లో కొట్టి. మంగళవారం బాస్కెట్‌బాల్‌కి టికెట్ దొరకదు, శుక్రవారం హాకీకి కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. 15 వేల అరీనాలో నాలుగైదు వేల మంది కూర్చుంటే ఎలా ఉంటుందంటే, పక్, అంటే బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ, రింక్ చుట్టూ ఉండే బోర్డుకి తగిలిన చప్పుడు పై వరస దాకా వినిపిస్తుంది, బెంచ్ మీద కోచ్ అరుపులు మాటతో సహా వినిపిస్తాయి, జల్లెడ అరుపు మొదలైతే సగంలో ఆగిపోతుంది ఎందుకంటే పక్కవాడు అందుకోడు. మళ్ళీ బయటికి ప్రకటించే అంకె అమ్ముడైన టికెట్లది, లోపలికొచ్చిన మనుషులది కాదు, కాబట్టి మీ టీమ్ వాళ్ళు ప్రకటించే అంకె చూసి కూడా మోసపోకండి.

అందుకే అంటున్నా, ఇది మన కాలనీలో వినాయక చవితి పందిరి లాంటిది, అందరూ వస్తారని అందరూ వస్తారు, నాలుగు కుటుంబాలు రావడం మానేస్తే ఐదోవాడికి కూడా వెళ్ళబుద్ధి కాదు, విగ్రహం ఎంత పెద్దది పెట్టినా.

కోచ్‌ని మారిస్తే సరిపోతుందా అన్నారు కదా. మా దగ్గర 2016లో మైక్ ఈవ్స్ వెళ్ళిపోయాడు, 2006లో టైటిల్ గెలిపించింది ఆయనే. తర్వాత టోనీ గ్రనాటో, ఆయనా ఇక్కడ ఆడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌కి వెళ్ళినవాడే, ఆయనొచ్చినప్పుడు ఊళ్ళో నిజంగానే ఊపొచ్చింది. కానీ అదృష్టం చూడండి, ఆయన టైమ్‌లో బెస్ట్ సీజన్ 2020-21, బిగ్ టెన్ రెగ్యులర్ సీజన్ గెలిచాం, కోల్ కాఫీల్డ్ హోబీ బేకర్ గెలిచాడు, అదంతా కోవిడ్‌లో. కాఫీల్డ్ అలా షాట్ మీద షాట్ కొడుతుంటే టీవీలో చూడ్డమే తప్ప లోపలికి వెళ్ళే దారి లేదు. ఆ ఒక్క ఏడు తలుపులు తెరిచి ఉంటే వెళ్ళిపోయినవాళ్ళలో కొందరు తిరిగొచ్చేవాళ్ళని నేను ఇప్పటికీ నమ్ముతా. తర్వాత రెండు సీజన్లు మళ్ళీ ఓటములే, 2023లో ఆయన్నీ మార్చారు, మిన్నెసోటా స్టేట్ నుంచి మైక్ హేస్టింగ్స్ వచ్చాడు, మొదటి ఏడే ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌కి, అంటే నేషనల్ ఛాంపియన్‌ని తేల్చేదానికి, తీసుకెళ్ళాడు, క్విన్నిపియాక్ యూనివర్సిటీతో ఓవర్‌టైమ్‌లో ఓడిపోయాం. జనం పెరిగారు, ఆ మాట చెప్పాలి, కానీ 2010 నాటి గోల మాత్రం నాకు మళ్ళీ వినపడలేదు. కోచ్ గెలుపులు తెస్తాడు, త్వరగానే తెస్తాడు, పోయిన అలవాటు తిరిగి రావడానికి మాత్రం చాలా ఏళ్ళు పడుతుంది.

చిన్న రింక్ గురించి కూడా చెప్పాలి ఎందుకంటే మీది ఎంత పెద్దదో మీరు రాయలేదు. కోల్ సెంటర్ పక్కనే లాబాన్ అరీనా ఉంది, 2012లో కట్టారు, రెండు వేల పైచిలుకు సీట్లే, అమ్మాయిల టీమ్ అక్కడ ఆడుతుంది. వాళ్ళు 2006 నుంచి 2025 లోపు ఎనిమిది టైటిళ్ళు కొట్టారు, కోచ్ మార్క్ జాన్సన్, 1980 ఒలింపిక్స్‌లో సోవియట్ టీమ్‌ని ఓడించిన మ్యాచ్‌లో రెండు గోల్స్ కొట్టినాయన. అందులో వెయ్యిన్నర మందున్నా హోరెత్తిపోతుంది. పెన్ స్టేట్ కూడా ఆరు వేల సీట్ల రింక్ కట్టుకుని మొదట్నుంచీ దాన్ని నింపుకుంటోంది, వాళ్ళకి ఇంకా చరిత్ర అంటూ లేని రోజుల్లోనే. మా అమ్మాయిని నేను ముందు తీసుకెళ్ళింది లాబాన్‌కే, ఇప్పుడు తనే అడుగుతుంది ఈ వారం మ్యాచ్ ఉందా అని, మగాళ్ళ మ్యాచులకి కూడా ఇప్పుడు నాతో వచ్చేది తనే.

ఇక మీ విషయం. మానేసినవాళ్ళని ద్రోహులనకండి దయచేసి, ఇరవై ఏళ్ళు డబ్బూ వీకెండ్లూ పెట్టినవాళ్ళు వాళ్ళు. మీరు కూడా మొహమాటానికి రెన్యూ చెయ్యకండి, డబ్బులు తేలిగ్గా రావు, స్టూడెంట్ అయితే అసలే. సీజన్ టికెట్ వదిలేసి, పాత శత్రువు వచ్చే ఒక వీకెండ్ చూసుకుని రెండు రోజులూ వెళ్ళండి, కుదిరితే ఎప్పుడూ హాకీ చూడనివాళ్ళని ఇద్దరు ముగ్గురిని తీసుకెళ్ళండి, మన తెలుగు స్టూడెంట్స్‌లో చాలామందికి మంచు మీద ఆట ఉందనే తెలీదు, ఒక్కసారి రింక్ చుట్టూ ఉండే అద్దం పక్కన కూర్చోబెడితే పడిపోతారు. టికెట్ వదిలేస్తున్నప్పుడు మాత్రం ఊరికే వదిలెయ్యకండి, అథ్లెటిక్ డిపార్ట్‌మెంట్‌కి ఒక మెయిల్ రాయండి. కోచ్‌ని తియ్యండి అని రాస్తే అలాంటివి వాళ్ళకి వందలొస్తాయి, పక్కన పెట్టేస్తారు. మీరు ఎందుకు రావట్లేదో రాయండి, మ్యాచ్ ఎన్నింటికి పెడితే వస్తారు, పార్కింగ్ ఎంత పడుతోంది, ఏ టీమ్‌తో ఆడితే ఊరంతా కదులుతుంది, జనం తక్కువున్న రోజు పై సీట్ల వాళ్ళని కిందకి రానిస్తే ఎలా ఉంటుంది, ఇలాంటివి. మీతో వెళ్ళేవాళ్ళు ఎంతమంది మానేశారో వాళ్ళందరి చేతా విడివిడిగా రాయించండి. నాన్-కాన్ఫరెన్స్ మ్యాచులు, అంటే మీ లీగ్ బయటి టీములతో ఆడేవి, చాలా ముందే ఒప్పందం చేసుకుంటారు, అందుకని పాత రైవల్‌ని మళ్ళీ పిలవమని అడగాలంటే సీజన్ అయిపోగానే, ఏప్రిల్‌లోనే రాయండి.