పాప బడి గురించి మేనకోడలికి ఉత్తరం

రాజమండ్రి

అమ్మలూ,

ఒమాన్‌లో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం ఖాయమైందని నువ్వు ఫోన్ చేసిన రోజు ఎంత సంతోషించానో చెప్పలేను. చివర్లో "పాపని అక్కడ ఏ బళ్ళో వెయ్యాలత్తా?" అన్నావు చూడు, ఆ మాటకి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఏడేళ్ళు అక్కడ పాఠాలు చెప్పి, పిల్లాణ్ణి అక్కడే పెంచి, చేసిన పొరపాటు తెలిసినదాన్ని. తీరిగ్గా రాద్దామని ఆగాను.

ఏ బడి అన్నది తర్వాత చూద్దాం. పాప మళ్ళీ ఏ తరగతికి మన ఊరి బళ్ళో చేరుతుంది? నువ్వూ అల్లుడూ కూర్చుని ముందు ఇది తేల్చుకోండి. నేను ఆ రోజుల్లో దీన్ని ఆలోచించనే లేదు.

మీ బావని అయిదో తరగతికి తీసుకెళ్ళాను. నేను పనిచేసే బళ్ళోనే, టీచర్ల పిల్లలకి ఫీజు లేదన్నారని చేర్పించేశాను. అరబ్బీ, ఇంగ్లీషు రెండూ నడిచే ప్రైవేటు బడి. లెక్కలు, సైన్సు ఇంగ్లీషులో బాగానే చెప్పేవారు. ఇస్లామిక్ స్టడీస్ పీరియడ్‌లో వాడు లైబ్రరీలో కూర్చుని కథల పుస్తకాలు చదువుకునేవాడు. అరబ్బీ ఎంత చక్కగా వచ్చిందంటే కూరగాయల కొట్లో బేరం వాడే చేసేవాడు. ఆ బడి చెడ్డదని నేననను. కానీ తెలుగూ లేదు, హిందీ లేదు, పదో తరగతికి మన బోర్డు పరీక్షా లేదు.

అందుకని తొమ్మిది పూర్తవగానే 2009 జూన్‌లో ఇక్కడికి తీసుకొచ్చి పదిలో చేర్పించబోయాను. ఆఫీసులో గుమాస్తా టీసీ తీసుకుని ఇటు చదివి, తిప్పి అటు చూశాడు. వెనక తెల్లగా ఉంది. "ముద్రలేవమ్మా?" అన్నాడు. అక్కడి విద్యాశాఖ ముద్ర, విదేశాంగ శాఖ ముద్ర, మన రాయబార కార్యాలయం ముద్ర ఉండాలట. నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ కాగితం మళ్ళీ ఒమాన్ వెళ్ళి తిరిగొచ్చేలోగా నెలన్నర గడిచిపోయింది. వాడు బళ్ళో కూర్చున్నాడు గానీ హాజరు పట్టీలో పేరు లేదు. మొదటి తెలుగు డిక్టేషన్‌లో "అమ్మమ్మ" అని చెబితే "అమమ" అని రాశాడు. నోట్సు నాకు చూపించకుండా పరుపు కింద దాచుకున్నాడు. దుప్పటి మారుస్తుంటే కనబడింది. ఆ పేజీ ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది.

అసలు దెబ్బ మూడేళ్ళ తర్వాత తగిలింది. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) కౌన్సెలింగ్‌లో స్థానికత చూస్తారు. ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్ళు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు, ఒకే స్థానిక ప్రాంతంలో చదివి ఉండాలి. మావాడికి మూడే ఉన్నాయి. 85 శాతం స్థానిక సీట్లు వాడికి లేవు, మిగిలిన 15 శాతంలోనే వెతుక్కోవలసి వచ్చింది. మంచి ర్యాంకే వచ్చినా, అనుకున్న కాలేజీ రాలేదు. ఒక్క ఏడాది ముందు తెచ్చుంటే సరిపోయేది.

కాబట్టి నా మాట విను. తెచ్చేస్తే ఎనిమిదో తరగతి అవగానే తెచ్చెయ్యి, లేదంటే పన్నెండు దాకా అక్కడే ఉండేలా మనసు కట్టుకో. మధ్యలో మాత్రం కదపకు. సీబీఎస్‌ఈ వాళ్ళు కూడా తొమ్మిదిలోనే బోర్డు రిజిస్ట్రేషన్ చేస్తారు, నేరుగా పదిలో చేరడం కష్టం. అక్కడే పన్నెండు ముగిస్తే ఎన్‌ఐటీల్లో గల్ఫ్‌లో పనిచేసేవాళ్ళ పిల్లలకి విడిగా సీట్లున్నాయి. జేఈఈ మెయిన్ రాయాలి, ట్యూషన్ ఫీజు ఇక్కడి పిల్లలతో సమానం. హైదరాబాద్‌లో స్థిరపడే ఆలోచన ఉంటే ఇంకో సంగతి. తెలంగాణలో 2018లో చట్టం చేసి అన్ని బోర్డుల బళ్ళలోనూ తెలుగు తప్పనిసరి చేశారు.

ఇక బడి. నా ఓటు ఇండియన్ స్కూలుకే. మస్కట్‌లోనే కాదు, నిజ్వా, సోహార్, సూర్, ఇబ్రీ, సలాలాలో కూడా సీబీఎస్‌ఈ చెప్పే ఇండియన్ స్కూళ్ళున్నాయి. నీకు ఇచ్చే ఊళ్ళో ఉందా, ఉంటే నువ్వుండే ఇంటికి ఎన్ని కిలోమీటర్లు, బస్సు వస్తుందా, నాలుగో తరగతిలో సీటు ఉందా, ఇవన్నీ సంతకం పెట్టకముందే కనుక్కో. రెండో భాషగా తెలుగు ఉందా అని కూడా అడుగు. సీబీఎస్‌ఈ పదో తరగతి పరీక్షకి తెలుగు ఉంది, కానీ చెప్పే టీచరు ఆ బళ్ళో ఉండాలి కదా. బ్రిటిష్ సిలబస్ బళ్ళ ఫీజు నీ జీతంతో కుదరదు, దాన్ని వదిలెయ్యి. ఓపెన్ స్కూల్ పద్ధతిలో ఇంట్లో చదివించడం, దగ్గర్లో ఏ బడీ లేనప్పటి మాట.

ఇండియన్ స్కూలుతో ఒక ఇబ్బంది ఉంది, అది తెలిసే వెళ్ళు. నీ బడి ఆగస్టు ఆఖరుకి తెరుస్తారు, జూన్‌తో ముగుస్తుంది. పాప బడి ఏప్రిల్‌లో మొదలై మార్చికి ముగుస్తుంది, వేసవి సెలవులు జూన్, జులైలలో ఇస్తారు. ఆగస్టులో నువ్వింకా ఇక్కడ ఆవకాయ జాడీలు కట్టుకుంటూ ఉంటావు, పాపకి అక్కడ క్లాసులు మొదలైపోతాయి. టిక్కెట్లు పాప సెలవుల్ని బట్టే తీసుకో. రోజూ మధ్యాహ్నం పాప నీకంటే ముందు ఇల్లు చేరితే తలుపు తీసేదెవరో కూడా ఇప్పుడే చూసుకో. మేం ఉన్నప్పుడు పక్కింటి మలయాళీ నర్సమ్మ మావాడికి అన్నం పెట్టేది. ఆవిడ ఋణం తీర్చుకోలేను.

కాంట్రాక్టులో మూడు మాటలు రాతపూర్వకంగా ఉండాలి. పాపకి ఫ్యామిలీ వీసా నీ పేరు మీద ఇప్పిస్తారా? చదువు ఖర్చు ఇస్తారా, ఇస్తే వాళ్ళ బళ్ళోనే చేర్చాలా, వేరే బడి రశీదు పెట్టినా ఇస్తారా? ఏటా విమానం టిక్కెట్టు పాపకీ ఉందా? అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడకు. నేను మొహమాటపడే నష్టపోయాను.

నువ్వు ఆగస్టులో ఒక్కదానివే వెళ్ళు. ఇల్లు, దారులు, బడి కళ్ళారా చూసుకుని మార్చిలో వచ్చి పాపని తీసుకెళ్ళు. ఏప్రిల్‌లో అందరితోపాటు కొత్త తరగతిలో కూర్చుంటుంది. ఇక్కడ మూడో తరగతి ఆఖరు పరీక్షలు తప్పిపోతాయని బెంగపడకు, హెడ్మాస్టరుతో ముందే మాట్లాడి టీసీ తీసుకుందాం. ఆ ఏడు నెలలూ పాప మీ అమ్మ దగ్గరే ఉంటుంది, నేనూ వచ్చిపోతుంటాను. కానీ ఏడు నెలలే. ఏళ్ళ తరబడి పిల్లని ఇక్కడ వదిలేసి డబ్బు పంపే ఆలోచన మాత్రం నాకిష్టం లేదు, మీ అమ్మ ఎంత ముద్దుగా చూసుకున్నా సరే.

తెలుగు సంగతి నీదే బాధ్యత. వారానికి ఒక పేజీ అమ్మమ్మకి ఉత్తరం రాయించు. తప్పులుంటే ఉండనీ, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపించు. నీకు దిద్దే తీరిక లేకపోతే నేను దిద్ది పంపుతాను.

పాప బర్త్ సర్టిఫికెట్ బయటికి తీసి చూడు. చాలామందికి దాని మీద అమ్మానాన్నల పేర్లే ఉంటాయి, బిడ్డ పేరు ఖాళీగా ఉంటుంది. అలా ఉంటే మునిసిపాలిటీలో పేరు ఎక్కించి, ఆ తర్వాత మన విదేశాంగ శాఖ అపోస్టిల్ వేయించు, అంటే వేరే దేశంలో కాగితం చెల్లడానికి వేసే ధ్రువీకరణ ముద్ర. దానికి సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం మన దేశంలో 2005లో, ఒమాన్‌లో 2012లో అమల్లోకి వచ్చింది. మా రోజుల్లో ఆ వీలు లేదు. పాప ఇక్కడి టీసీకి కూడా అదే పని చెయ్యాలి. సర్టిఫికెట్ ఫొటో ఈ రాత్రికే పంపు, అక్షరాలు పాస్‌పోర్టుతో సరిపోయాయో లేదో నేనూ చూస్తాను.

ఆశీస్సులతో,
అత్తయ్య