క్రిస్మస్ కాక్టస్ మొగ్గలు రాలిపోతుంటే కుండీ మార్చాలా?

మొగ్గలున్నప్పుడు కుండీ జోలికి పోవద్దండీ. వారం కింద నర్సరీ నుంచి తెచ్చిన మొక్క మొగ్గలు రాల్చేస్తోంది, కుండీ ఇరుకైందేమో అన్నారు. ఇరుకు కాదు, చోటు మారింది, అంతే. పెట్టిన చోటు నుంచి ఇక కదపకండి. పూత అయిపోయాక ఫిబ్రవరిలో మార్చండి. మన అనంతపురంలో మార్చి దాటాక వేర్లు కదిలిస్తే ఆ ఎండలకు తేరుకోవడం కష్టం.

నా మొదటి మొక్కను నేనే చంపుకున్నా. పేరులో కాక్టస్ ఉంది కదా, మా చేని గట్టు మీది బ్రహ్మజెముడులా దేనికైనా ఓర్చుకుంటుందనుకున్నా. మిద్దె మీద ఎండలో, ఎర్రమన్నులో, పది రోజులకోసారి నీళ్లు. ఏప్రిల్‌కల్లా ఎర్రబడి వడియంలా ముడుచుకుపోయింది. దీని పుట్టిల్లు బ్రెజిల్ ఆగ్నేయ తీరంలోని కొండ అడవులని తర్వాత తెలిసింది. అక్కడ చెట్ల కొమ్మల మీద, రాళ్ల సందుల్లో, కుళ్లిన ఆకుల్లో వేళ్లూనుకుని నీడలో బతుకుతుందట.

అందుకే రెండోదానికి మన్నే వేయలేదు. రెండు పాళ్లు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ఒక పాలు వర్మీ కంపోస్ట్ (వానపాముల ఎరువు), ఒక పాలు పెర్లైట్ (తేలికపాటి తెల్లటి రాతి గుళికలు). గుప్పెట్లో పిండితే ముద్ద కావాలి, వేలితో తడితే రాలిపోవాలి. కొత్త కుండీ పాతదానికన్నా ఒక్క అంగుళం పెద్దదైతే చాలు, మరీ పెద్దదైతే తడి ఆరక మొదలు కుళ్లుతుంది. మార్చేటప్పుడు విరిగిన కొమ్మలు పారేయకండి. రెండు మూడు కణుపులున్న ముక్కను ఒక రోజు ఆరబెట్టి గుచ్చితే వేరు పడుతుంది. పక్కింటి వదినకు అలా ఇచ్చిందే ఇప్పుడు నాదానికన్నా గుబురుగా ఉంది. చూస్తే కడుపుమంట.

ఇంత చేసినా రెండేళ్లు పూయలేదు. కారణం మా వాకిట్లోని వీధి దీపం! దీనికి మొగ్గ పట్టాలంటే దాదాపు ఆరు వారాలు, రోజూ పన్నెండు గంటలకు పైగా కటిక చీకటి కావాలి. మూడో ఏడు అక్టోబర్ నుంచి సాయంత్రం ఆరుకు అట్టపెట్టె బోర్లించి, పొద్దున ఎనిమిదికి తీసేదాన్ని. మా ఆయన కోడిని కమ్ముతున్నావా అని నవ్వేవారు. నవంబర్ చివర్లో కొసల్లో బియ్యపు గింజంత ఎర్రటి మొనలు కనిపించాయి.

నీళ్లు కుండీలో పైపొర ఒక అంగుళం ఆరాకే పోయండి. మన బోరు నీళ్లకు కుండీ అంచున తెల్లటి ఉప్పు పేరుకుంటుంది, వాన నీళ్లు పట్టి పెట్టుకుంటే మేలు.

అన్నట్టు, మీ మొక్క కొమ్మల అంచులు చూడండి. రంపం పళ్లలా మొనదేలి ఉంటే అది దీని చుట్టమైన థాంక్స్‌గివింగ్ కాక్టస్. అంచులు గుండ్రంగా ఉండేదే అసలు క్రిస్మస్‌ది. నర్సరీలో రెండింటినీ ఒకే పేరుతో అమ్మేస్తారు. మొనదేలినదైతే కొంచెం ముందే, నవంబర్‌లోనే పూయొచ్చు, కాబట్టి పెట్టె సెప్టెంబర్ నుంచే బోర్లించండి.