తిమింగలం పంటి మీద కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ కథ చదివాను. అమెరికాలోని తిమింగలాల వేటగాళ్ల దీవి నాంటకెట్‌కు చెందిన నావికుడు స్క్రిమ్‌షా, అంటే తిమింగలం పంటి మీదో ఎముక మీదో బొమ్మ, చెక్కే ఘట్టమే కథకు గుండెకాయ. దాన్ని నువ్వు “అందమైన ఓడ బొమ్మ చెక్కాడు” అని ఒక్క ముక్కలో దాటేశావు. ఆ చేతులు ఏం చేస్తున్నాయో పాఠకుడికి కనబడాలి.

స్పెర్మ్ తిమింగలం పన్ను పెరికిన వెంటనే తళతళలాడదు. పైనంతా గట్లు గట్లుగా ఉంటుంది, మొదలు వైపు బోలు. చాకుతో ఆ గట్లు గీకాలి, సొరచేప చర్మంతో రుద్దాలి, ప్యూమిస్ అనే తేలికైన అగ్నిపర్వత రాతి పొడితో నునుపు చేసి గుడ్డతో మెరుగుపెట్టాలి. ఎండినకొద్దీ పన్ను గట్టిపడుతుంది కనుక ఉప్పునీళ్లలో నానబెట్టేవారు.

నీ నావికుడు మెరుగుపెట్టకుండానే చెక్కి మసి పూశాడు. అప్పుడు మసి ప్రతి గరుకులోకీ దిగి పన్నంతా మురికి పట్టినట్టుంటుంది, బొమ్మ తేలదు. నున్నటి పంటి మీద చాకు మొనతోనో తెరచాప కుట్టే సూదితోనో గీసి, దీపపు మసి రుద్ది తుడిస్తే పైన ఉన్నది పోయి గీతలోది నిలుస్తుంది. నీడ కావాలంటే సన్నగీతలు దగ్గరదగ్గరగా వేయాలి. ఓడ ఊగి చాకు జారిందనుకో, ఆ గీతను ఏ తాడుగానో మలుచుకోవాలి, లేదా అక్కడంతా గీకి మళ్లీ మెరుగుపెట్టాలి. నీ కథలో లేని ఉత్కంఠ ఇక్కడుంది, వాడుకో.

అతను ఆడమనిషి బొమ్మను ఊహించి గీశాడన్నావు. కొందరు అలా గీసినా, చాలామంది పత్రికలోని బొమ్మను పంటికి అతికించి, గీతల వెంట సూదితో చుక్కలు పొడిచి, కాగితం తీసేసి చుక్కలు కలిపేవారు. ప్రియురాలి ముఖం కోసం ఎవరిదో ముఖం అరువు తెచ్చుకోవడం నీ ఊహకన్నా బలమైన సంగతి.

ఇంకొక తప్పు: ఒకే తిమింగలం నుంచి పన్నూ, ఆడవాళ్లు నడుము బిగించుకునే కార్సెట్‌లో దూర్చే బలీన్ బద్దా తీయించావు. బలీన్ అంటే కొన్ని తిమింగలాల నోట్లో పళ్లకు బదులు వేలాడే, ఆహారాన్ని వడగట్టే పలకలు. స్పెర్మ్ తిమింగలానికి బలీన్ ఉండదు. బోహెడ్, రైట్ అనే జాతుల తిమింగలాలకు బలీన్ ఉంటుంది, పళ్లుండవు. బద్దను దవడ ఎముకతో చేయించు, అదీ వాడుకలో ఉన్నదే.

చివర్లో సంతకం పెట్టించకు. 1828-29లో ‘సుసాన్’ ఓడ మీద చెక్కిన ఫ్రెడరిక్ మైరిక్ పేరూ తేదీ వేశాడు గానీ, ఎక్కువమంది వేయలేదు.

ఆ ఘట్టం తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య